ముక్కులో ఒకవైపు గడ్డ: స్కాన్ నుంచి ఐదేళ్ల చెకప్‌ల దాకా, మళ్లీ పెరగకుండా చూసుకునే వరస

"ముక్కులో కండ తీసేశారండీ. ఏడాదిన్నర తిరక్కుండానే మళ్లీ అదే వైపు మూసుకుపోయింది. ఇప్పుడేం చేయాలి?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది రిపోర్టులో ఇన్వర్టెడ్ పాపిలోమా అని రాసి ఉంటుంది. అది క్యాన్సర్ కాదు, అలాగని మామూలు పాలిప్‌లా (ముక్కు పొర ఉబ్బి వేలాడే మెత్తటి కండ) తీసి పడేస్తే ఊరుకునే రకమూ కాదు. అందుకే ఈ గడ్డనే ప్రధానంగా తీసుకుని, ఏ పని తర్వాత ఏ పని జరగాలో రాస్తున్నాను.

మొదటే ఒక మాట. మళ్లీ వచ్చిందని చెప్పే గడ్డల్లో ఎక్కువ భాగం మొదటిసారి పూర్తిగా పోనివే. గరికను పైపైన కోస్తే నాలుగు రోజులకు మళ్లీ లేచినట్టు, ఎముకకు అంటుకున్న మొదలు మిగిలితే గడ్డ అక్కడి నుంచే పెరుగుతుంది. స్కాన్ గదిలోనైనా, ఆపరేషన్ బల్ల మీదైనా, మూడో ఏట చెకప్‌లోనైనా తేలాల్సింది ఒక్కటే: మొదలు ఎక్కడుంది, అది పోయిందా లేదా.

## 1. ముందు ఇది ఏ గడ్డో తేలాలి

అలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లకు వచ్చే పాలిప్స్ సాధారణంగా రెండు వైపులా ఉంటాయి. స్టెరాయిడ్ స్ప్రేకో మాత్రలకో కొంతైనా తగ్గుతాయి. ఒకే వైపు ముక్కు నెలల తరబడి మూసుకుపోయి, చీదితే రక్తపు చార కనబడుతూ, అదే వైపు కన్ను కారుతూ ఉంటే దాన్ని పాలిప్ అని సరిపెట్టుకోకూడదు. రెండు కోర్సుల మందులు వాడినా కదలని ఒకవైపు కండకు స్కాన్ తీయాల్సిందే.

ఇన్వర్టెడ్ పాపిలోమా ఎక్కువగా 40 నుంచి 70 ఏళ్ల మధ్య, ఆడవాళ్లకంటే మగవాళ్లలో కనిపిస్తుంది. ముక్కు పక్క గోడ, చెంప ఎముక వెనక ఉండే మాక్సిలరీ సైనస్ (సైనస్ అంటే ముఖం ఎముకల్లోని గాలి గది), రెండు కళ్ల మధ్య ఉండే ఎత్మాయిడ్ సైనస్ దీనికి ఇష్టమైన చోట్లు. దీని పైపొర లోపలి కణజాలంలోకి మడతలు పడుతూ దిగుతుంది. సుమారు 5 నుంచి 10 శాతం మందిలో ఆ గడ్డలోనే క్యాన్సర్ ఉండటమో, తర్వాత రావడమో జరుగుతుంది. డాక్టర్లు దీన్ని తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం అదే.

దీనితో పొరబడే మరో మూడు ఉన్నాయి.

ఆంజియోఫైబ్రోమా. దాదాపుగా టీనేజీ మగపిల్లల్లోనే వస్తుంది. ముక్కు మూసుకుపోవడం, ఉన్నట్టుండి ధారగా రక్తం కారడం దీని లక్షణాలు. నిండా రక్తనాళాలే కాబట్టి ఓపీ గదిలో ముక్క తీయడం ప్రాణం మీదికి తెస్తుంది. కుర్రాడికి ఒకవైపు గడ్డ, రక్తం అంటే ముందు స్కాన్. దాని తీరు చూసే ఈ జబ్బును నిర్ధారిస్తారు. ఆపరేషన్‌కు ఒకటి నుంచి మూడు రోజుల ముందు ఆ గడ్డకు రక్తం తెచ్చే నాళాలను లోపలి నుంచే మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు.

ఆస్టియోమా. ఎముక గడ్డ, ఎక్కువగా నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ సైనస్‌లో ఉంటుంది. వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడుతుంది. బాధ పెట్టనిదాన్ని, సైనస్ దారి మూయనిదాన్ని అలా వదిలేసి, అప్పుడప్పుడు స్కాన్‌తో చూసుకుంటే చాలు. స్కాన్‌లో కనబడింది కదా అని ఆపరేషన్‌కు తొందరపడక్కర్లేదు.

రైనోస్పోరిడియోసిస్. ఇది ట్యూమర్ కాదు, ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎక్కువ. చెరువుల్లో, కుంటల్లో స్నానం చేసేవాళ్లలో చూస్తాం. ఎర్రటి కండ మీద సన్నటి తెల్ల చుక్కలు, ముట్టుకుంటే రక్తం. దీన్నీ మొదలంటా తీసి, ఆ చోటును కాల్చకపోతే తిరిగి వస్తుంది. డాక్టరు గారు చెరువు స్నానం గురించి అడిగితే సంబంధం లేని ప్రశ్న అనుకోకుండా ఉన్నది చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోవాల్సినవి:

- ఏ వైపు, ఎన్నాళ్లుగా
- రక్తం ఎంత, ఎన్నిసార్లు
- వాసన తెలుస్తోందా, కన్ను కారుతోందా
- చెంప మొద్దుబారడం, పై పళ్లు కదలడం, ఒకటి రెండుగా కనబడటం, మెడలో బిళ్ల: ఇవి ఏ ఒక్కటి ఉన్నా మొదటి వాక్యంలోనే చెప్పండి
- గతంలో ముక్కుకు జరిగిన ఆపరేషన్లు, వాటి రిపోర్టులు
- బీడీ, సిగరెట్, ముక్కుపొడుం అలవాటు
- వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో సహా

## 2. పరీక్షల వరస తప్పొద్దు

సరైన వరస ఇది: ఎండోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూడటం), తర్వాత సీటీ, తర్వాత ఎంఆర్‌ఐ, ఆ తర్వాతే బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం).

ముక్క పరీక్షను చివర పెట్టడానికి గట్టి కారణాలున్నాయి. ముక్కు పైకప్పులోని సందు గుండా మెదడు పొర కిందికి జారి పాలిప్‌లా వేలాడుతూ ఉండొచ్చు. అక్కడ ముక్క తీస్తే మెదడు చుట్టూ ఉండే నీరు కారుతుంది. ఆంజియోఫైబ్రోమా సంగతి పైనే చెప్పాను. పైగా బయాప్సీ వల్ల వచ్చే వాపు, రక్తం తర్వాత తీసే స్కాన్‌ను గందరగోళం చేస్తాయి.

సీటీ స్కాన్. పారానేసల్ సైనసెస్ సీటీ అని రాస్తారు. ఇందులో ఎముక బాగా కనబడుతుంది. ఇన్వర్టెడ్ పాపిలోమా మొదలు ఉన్నచోట ఎముక చాలాసార్లు మందంగా, చిన్న ముల్లులా పొడుచుకుని ఉంటుంది. సైనస్ మొత్తం బూడిద రంగులో నిండి ఉన్నా, ఒక మూల మాత్రం తెల్లగా గట్టిపడి కనిపిస్తే సర్జన్ కళ్లు అక్కడే ఆగుతాయి. ప్రతిసారీ నిజం కాకపోయినా, మొదలు కోసం వెతకడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు సీటీలో లేదు.

ఎంఆర్‌ఐ, కాంట్రాస్ట్‌తో (బొమ్మ స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఎక్కించే మందు). సైనస్‌లో ఉన్నదాంట్లో గడ్డ ఎంత, దాని వెనక ఇరుక్కుపోయిన చీమిడి ఎంత అన్నది సీటీ విడదీసి చెప్పలేదు. ఎంఆర్‌ఐ చెబుతుంది. పాపిలోమా అయితే మెదడు మడతల్లాంటి చారలు కనిపిస్తాయి. ఒకచోట ఆ చారలు చెరిగిపోయి ఉంటే అక్కడ క్యాన్సర్ ఉందేమోనని అనుమానిస్తారు. కన్ను వైపు, మెదడు వైపు పాకిందా అన్నదీ ఇందులోనే తెలుస్తుంది. కాంట్రాస్ట్ ఇచ్చేముందు క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి.

బయాప్సీ. పైపైన చిన్న ముక్క తీస్తే ముందున్న మామూలు పాలిప్ మాత్రమే వచ్చి, వెనక దాగిన పాపిలోమా దొరక్కపోవచ్చు. రిపోర్టు పాలిప్ అని వచ్చినా స్కాన్ వేరే మాట చెబుతుంటే లోపలి నుంచి మళ్లీ ముక్క తీయమని అడగడంలో తప్పు లేదు.

ఫిల్ములతో పాటు సీడీ తప్పకుండా తీసుకోండి. ఫిల్ము మీద ఉండేవి ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే. సర్జన్ కంప్యూటర్‌లో మూడు దిక్కుల నుంచి చూడాలంటే, ఆపరేషన్‌లో నావిగేషన్ (పరికరం ఎక్కడుందో స్కాన్ మీద చూపే పద్ధతి) వాడాలంటే సీడీలోని డేటా కావాలి. ఆ సీడీని ఫోన్ చార్జర్ల డబ్బాలో పడేయకుండా ఫైల్లో పెట్టండి, నాలుగేళ్ల తర్వాత పనికొస్తుంది.

## 3. ఎంతవరకు పాకింది

డాక్టర్లు 2000లో వచ్చిన క్రౌజ్ పద్ధతిలో నాలుగు దశలు చెబుతారు.

- టీ1: ముక్కు లోపలే ఉంది.
- టీ2: ఎత్మాయిడ్ సైనస్‌కు గానీ, మాక్సిలరీ సైనస్ లోపలి, పై భాగాలకు గానీ పాకింది.
- టీ3: మాక్సిలరీ సైనస్ మిగతా గోడలకు, ఫ్రంటల్ లేదా ముక్కు వెనక లోతున ఉండే స్ఫినాయిడ్ సైనస్‌కు పాకింది.
- టీ4: ముక్కు, సైనస్‌లు దాటి కన్ను, మెదడు వైపు వెళ్లింది, లేదా అందులో క్యాన్సర్ ఉంది.

ఈ అంకె చూసి టెన్షన్ పడొద్దు. గడ్డ మూడు సైనస్‌లు నింపినా మొదలు ఒక్క చిన్నచోటే ఉండి, మిగతాదంతా ఖాళీలోకి వేలాడుతూ ఉండొచ్చు. పరిమాణం కన్నా మొదలు ఉన్న చోటే ఆపరేషన్ తేలికా కష్టమా అన్నది నిర్ణయిస్తుంది. ఫ్రంటల్ సైనస్‌లో మొదలుంటే చేరుకోవడం కష్టం, మళ్లీ పెరిగే అవకాశమూ ఎక్కువ.

## 4. సర్జన్‌ను అడగాల్సినవి

ఓపీలో ఐదు నిమిషాలే దొరుకుతాయి. "తగ్గిపోతుందా సార్?" అని అడిగితే "తగ్గిపోతుంది" అనే జవాబే వస్తుంది. దానికి బదులు ఇవి అడగండి:

1. స్కాన్‌లో మొదలు ఎక్కడుందని అనుకుంటున్నారు?
2. అక్కడికి ఎండోస్కోప్‌తోనే చేరగలరా, బయటి నుంచి కోత అవసరమా?
3. మొదలున్న ఎముకను డ్రిల్ చేస్తారా?
4. ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలోనే ముక్కను పరీక్షించడం) సౌకర్యం ఉందా?
5. తీసిన కణజాలం మొత్తం పరీక్షకు పంపుతారా?
6. ఇలాంటి గడ్డలు ఇక్కడ తరచుగా చేస్తుంటారా?
7. తర్వాత చెకప్‌లు ఎవరు చేస్తారు, ఎన్నేళ్లు?

మొదటి ప్రశ్నకు సర్జన్ స్కాన్ తెరిచి వేలు పెట్టి చూపించారంటే మీరు సరైన చోటే ఉన్నారు. "అదేం లేదు, పాలిప్ లాంటిదే, అరగంటలో లాగేస్తాం" అంటే ఇంకో అభిప్రాయం తీసుకోండి. ఇందులో మొహమాటం వద్దు. ఈ గడ్డలో మొదటి ఆపరేషనే అన్నిటికన్నా మంచి అవకాశం. రెండోసారికి లోపలి ఆనవాళ్లు చెరిగిపోయి, మచ్చ కట్టి, ఏది గడ్డో ఏది మచ్చో తెలియడం కష్టమవుతుంది.

పాపిలోమా రోజుల్లో ప్రమాదం తెచ్చే గడ్డ కాదు. సరైన చోటు వెతుక్కోవడానికి రెండు మూడు వారాలు పట్టినా మామూలుగా నష్టం లేదు. క్యాన్సర్ అనుమానం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఖర్చు సంగతి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలిసి, మీ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, అనుమతికి ఏ రిపోర్టులు కావాలో కనుక్కోండి. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ఈఎన్‌టీకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ప్రైవేటు బీమా అయితే అడ్మిట్ కాకముందే ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పెట్టించండి.

## 5. ఆపరేషన్‌కు ముందు రెండు మూడు వారాలు

ముక్కులో ఎండోస్కోప్‌తో చేసే పనికి పెద్ద శత్రువు రక్తం. చిన్న చుక్క కూడా కెమెరా ముందు తెరలా అడ్డుపడుతుంది. సర్జన్‌కు కనబడకపోతే మొదలు మిగిలిపోతుంది. ముందస్తు జాగ్రత్తల్లో సగం రక్తం తగ్గించడానికే.

- బీపీ అదుపులోకి రావాలి. మందులు మానకండి. ఆపరేషన్ ఉదయం ఏ బీపీ మాత్ర వేసుకోవాలో మత్తు డాక్టరు చెబుతారు.
- షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) చూపించండి.
- ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే సర్జన్‌కు, గుండె డాక్టరుకు ఇద్దరికీ చెప్పండి. ఆస్పిరిన్ ప్రభావం వారం నుంచి పది రోజులు ఉంటుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు సొంతంగా మానేయడం గడ్డకంటే ప్రమాదం.
- వెల్లుల్లి క్యాప్సూల్స్, చేప నూనె, విటమిన్ ఈ, జింకో కూడా రక్తస్రావాన్ని పెంచగలవు. ఎప్పుడు ఆపాలో అడగండి.
- పొగ, ముక్కుపొడుం మానేయండి. పొగ తాగేవాళ్లలో పుండు ఆలస్యంగా మానుతుంది. ఈ గడ్డ మళ్లీ రావడానికీ పొగకూ సంబంధం ఉందని పరిశీలనల్లో తేలింది.
- ముక్కులో పసరు పోయించుకోవడం, ఆవనూనె చుక్కలు వేసుకోవడం ఆపండి. లోపలి పొర మండి, వాచి, రక్తం ఎక్కువవుతుంది.
- జలుబు, జ్వరం వస్తే ఫోన్ చేసి చెప్పండి. తేదీ మారినా ఫర్వాలేదు.

రక్త పరీక్షలు, ఈసీజీ, మత్తు డాక్టరు ఫిట్‌నెస్ మామూలే. ముందురోజు రాత్రి భోజనం తేలిగ్గా ముగించండి. మత్తుకు ముందు తేలికపాటి తిండికి కనీసం 6 గంటలు, నూనెలు మాంసాలతో కూడిన భోజనానికి 8 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు వ్యవధి ఉండాలనేది సాధారణ నియమం. పాలు, పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రావు, తిండి లెక్కలోకి వస్తాయి. పొద్దున్నే ఒక్క గుక్క టీ తాగి కేసు వాయిదా వేయించుకునేవాళ్లు ఎందరో.

## 6. థియేటర్‌లో జరిగే వరస

పూర్తి మత్తు ఇచ్చి తల కాస్త ఎత్తులో పెడతారు. ముక్కులో అడ్రినలిన్ తడిపిన దూది పెట్టి రక్తనాళాలు ముడుచుకునేలా చేస్తారు. ఆ తర్వాత:

ఒకటి, గడ్డ బరువు తగ్గించడం. ఖాళీలోకి వేలాడుతున్న భాగాన్ని మైక్రోడిబ్రైడర్‌తో కత్తిరిస్తూ పీల్చేస్తారు. పీల్చిన తునకలన్నీ జాలీలో పట్టి పరీక్షకు పంపాలి. క్యాన్సర్ గడ్డలో ఏ మూలైనా ఉండొచ్చు కాబట్టి గుప్పెడు తునకలు పంపితే చాలదు.

రెండు, మొదలు చేరుకోవడం. గడ్డ తగ్గుతున్నకొద్దీ అది ఏ గోడను పట్టుకుని ఉందో తెలుస్తుంది. నేరుగా చూసే కెమెరా మూలలు చూడలేదు. అందుకే 30, 45, 70 డిగ్రీల వాలు ఉన్న స్కోపులు మార్చి మార్చి వాడతారు.

మూడు, మొదలు చుట్టూ ఆరోగ్యంగా ఉన్న పొరతో సహా ఎముక మీద నుంచి ఒలిచేయడం. గడ్డ అంచులో ఆగకుండా కొంచెం బయటి నుంచి మొదలుపెడతారు. అంచు ముక్కలు ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపితే, మీరు మత్తులో ఉండగానే గడ్డ మిగిలిందో లేదో పాథాలజిస్టు చెప్పగలరు.

నాలుగు, ఎముకను డ్రిల్ చేయడం. ఎముక ఉపరితలం నునుపుగా ఉండదు. సందుల్లోకి గడ్డ కణాలు దూరి ఉంటాయి. వజ్రపు బర్ర్ అనే డ్రిల్ మొనతో పై పొరను అరగదీస్తారు. ఎముక పల్చగా ఉన్న చోట దాన్నే తీసేస్తారు. కన్ను, మెదడు పక్కన ఇది ఓపికతో చేసే పని. మొదలు మిగలకుండా చేసేది ప్రధానంగా ఈ మెట్టే.

ఐదు, తర్వాత చూడటానికి వీలుగా దారి వెడల్పు చేయడం. సైనస్ నోరు పెద్దగా ఉంచితే రేపు ఓపీలో స్కోప్ పెట్టినప్పుడు మొదలున్న చోటు నేరుగా కనబడుతుంది.

మాక్సిలరీ సైనస్ ముందు గోడ మీదో, నేల మీదో మొదలుంటే మామూలు దారి చాలదు. ముక్కు, సైనస్‌ల మధ్య గోడ తీసేసే మీడియల్ మాక్సిలెక్టమీ చేస్తారు. కన్నీటి నాళానికి ముందు నుంచి దారి చేసే ప్రీలాక్రిమల్ పద్ధతిలో ఆ నాళాన్ని, కింది టర్బినేట్‌ను (ముక్కు పక్క గోడ మీది మడత) కాపాడుకోవచ్చు. పై పెదవి లోపలి చిగురు మీద కోసే కాల్డ్‌వెల్ లక్ దారిని కొన్నిసార్లు దీనికి జోడిస్తారు. ఫ్రంటల్ సైనస్‌కైతే రెండు వైపుల దారులను కలిపే డ్రాఫ్ 3, లేదా బయటి నుంచి నుదుటి ఎముక తెరవడం. ఒకప్పుడు ముక్కు పక్కన ముఖం మీద కోసే ఆపరేషనే ప్రామాణికం. ఇప్పుడు ఎక్కువమందికి ఆ మచ్చ అవసరం లేదు. అయినా ఎండోస్కోప్ మొదలును చేరలేని చోట కోత వద్దని పట్టుబట్టడం మీకే నష్టం.

సంతకం పెట్టేముందు తెలియాల్సిన ప్రమాదాలు: రక్తస్రావం, కంటి చుట్టూ నల్లబడటం, అరుదుగా చూపు దెబ్బతినడం, మెదడు నీరు కారడం, చెంప లేదా పై పళ్ల మొద్దుబారుడు, కన్ను కారడం, లోపల పెచ్చులు కట్టడం.

## 7. మొదటి రెండు వారాలు

ముక్కులో ప్యాకింగ్ ఉంటే ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. కరిగిపోయే రకమైతే అలాగే ఉంటుంది. గులాబీ రంగు నీరు, పాత రక్తపు చీమిడి కొన్ని రోజులు రావడం మామూలే.

- రెండు దిండ్ల మీద తల ఎత్తి పడుకోండి.
- ముక్కు చీదొద్దు. డాక్టరు సరే అనేదాకా తుడుచుకోవడమే.
- తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. నొక్కి పట్టొద్దు.
- బరువులు ఎత్తడం, వంగి పనులు చేయడం, మలబద్ధకంతో ముక్కడం వద్దు.
- వేడి నీళ్ల తలస్నానం, మరిగే రసం, ఆవిరి పట్టడం మొదటి వారం మానండి. వేడికి రక్తనాళాలు విచ్చుకుంటాయి.
- విమాన ప్రయాణం ఉంటే డాక్టరును అడిగాకే టికెట్ కొనండి.

రక్తం వస్తే కూర్చుని కాస్త ముందుకు వంగి, నోట్లోకి వచ్చినదాన్ని ఉమ్మేయండి. వెనక్కి వాలితే కడుపులోకి పోయి వాంతవుతుంది. 15 నిమిషాల్లో ఆగకపోయినా, ధారగా వస్తున్నా ఆసుపత్రికి బయలుదేరండి.

అర్ధరాత్రయినా వెంటనే వెళ్లాల్సిన లక్షణాలు:

- ముందుకు వంగితే ఒకవైపు నుంచి పల్చటి నీరు బొట్లుబొట్లుగా కారడం, నోటికి ఉప్పగా తగలడం
- చూపు మసకబారడం, రెండుగా కనబడటం, కన్ను ఉబ్బి బయటికి రావడం
- జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగతగా ఉండటం

## 8. ముక్కు కడగడం

డాక్టరు మొదలుపెట్టమన్న రోజు నుంచి ఇది మీ చేతి పని. కడగకపోతే పెచ్చులు గట్టిపడి, రెండు గోడలు అతుక్కుపోయి, చెకప్‌లో మొదలున్న చోటు కనబడకుండా పోతుంది.

1. నీళ్లు మరిగించి చల్లార్చండి. బుడగలు వచ్చాక కనీసం ఒక నిమిషం మరగాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడొద్దు. ముక్కు గుండా మెదడును చేరే ప్రాణాంతకమైన అమీబా ఉంది, అరుదే అయినా తమాషా కాదు. ఫిల్టర్ నీళ్లనూ మరిగించండి.
2. మెడికల్ షాపులో దొరికే బాటిల్, పొడి ప్యాకెట్ తీసుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని మిల్లీలీటర్లకు అని రాసి ఉందో అన్నే పోయండి. వంటింటి ఉప్పు చెయ్యి ఆడినంత వేస్తే మంట పుట్టి మర్నాటి నుంచి మానేస్తారు.
3. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మణికట్టు మీద పోసి చూడండి.
4. సింకు మీదికి వంగి, నోరు తెరిచి, మెల్లగా నొక్కండి. గట్టిగా నొక్కితే చెవి దిబ్బడేస్తుంది.
5. బాటిల్‌ను కడిగి ఆరబెట్టండి. రోజూ తడిగా మూత పెట్టి ఉంచితే అదే క్రిములకు ఇల్లవుతుంది.

మొదటి వారం పది రోజుల్లో డాక్టరు స్కోప్‌తో లోపల శుభ్రం చేస్తారు, తర్వాత ఇంకొన్నిసార్లు. కొంచెం నొప్పిగా ఉంటుందని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఎగ్గొట్టకండి.

## 9. ఫైనల్ పాథాలజీ రిపోర్టు

డిశ్చార్జ్ అయ్యాక కొన్ని రోజులకు వస్తుంది. చాలామంది "బినైన్" అన్న మాట చూసి ఫైలు మూసేస్తారు. చూడాల్సినవి ఇంకా ఉన్నాయి: గడ్డ రకం, డిస్‌ప్లేసియా (కణాలు క్యాన్సర్ వైపు మారడం) ఉందా, ఉంటే ఎంత స్థాయి, కార్సినోమా (క్యాన్సర్) ఎక్కడైనా ఉందా, అంచులు విడిగా పంపితే వాటిలో గడ్డ ఉందా.

డిస్‌ప్లేసియా తీవ్రంగా ఉందన్నా, కార్సినోమా అన్నా పద్ధతి మారుతుంది. ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) టీమ్ కూర్చుని మాట్లాడాలి, రేడియేషన్ అవసరం పడొచ్చు. క్యాన్సర్ లేని మామూలు పాపిలోమాకు సాధారణంగా రేడియేషన్ ఇవ్వరు.

మూడు దాచుకోండి: ఆపరేషన్ నోట్స్, పాథాలజీ రిపోర్టు, స్కాన్ సీడీ. ఆపరేషన్ నోట్స్‌లో మొదలు ఎక్కడుందో రాయించుకోండి. "ఎడమ మాక్సిలరీ సైనస్, ముందు గోడ, డ్రిల్ చేశాం" అన్న ఒక్క లైను, డిశ్చార్జ్ సమ్మరీలో ఉండే "ఫెస్ (ఎండోస్కోప్‌తో చేసే సైనస్ ఆపరేషన్) చేశాం" అన్న మాటకన్నా ఎంతో విలువైనది. స్లైడ్లు, కణజాలం దాచిన మైనం దిమ్మలు ల్యాబులో ఎన్నాళ్లు ఉంచుతారో అడగండి. మరో చోట చూపించాలంటే అవే కావాలి.

## 10. చెకప్‌ల క్యాలెండర్

ఎండోస్కోప్‌తో, మొదలును గుర్తించి తీసిన ఆపరేషన్ల తర్వాత కూడా సుమారు 10 నుంచి 15 శాతం మందిలో గడ్డ మళ్లీ కనబడుతుంది. ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో. ఐదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి.

డాక్టరు మీ గడ్డను బట్టి మార్చొచ్చు గానీ, వాడుకలో ఉన్న ఒక పద్ధతి ఇలా ఉంటుంది:

- మొదటి ఏడాది: మూడు నెలలకోసారి ఎండోస్కోపీ
- రెండు, మూడు ఏళ్లు: నాలుగు నుంచి ఆరు నెలలకోసారి
- నాలుగు, ఐదు ఏళ్లు: ఆరు నెలలకో, ఏడాదికో
- ఆ తర్వాత: ఏడాదికోసారి, వీలైతే జీవితాంతం

ఫ్రంటల్ సైనస్‌లాంటి స్కోప్‌కు అందని మూలలకు ఎంఆర్‌ఐ తోడు కావాలి. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు, పుండు మానాక, ఒక స్కాన్ తీయించి పెట్టుకుంటే తర్వాతి వాటిని దానితో పోల్చొచ్చు.

గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిపోయేవాళ్లు ఆపరేషన్ నోట్స్, పాథాలజీ రిపోర్టు ఫోన్‌లో స్కాన్ చేసి, సీడీ వెంట పెట్టుకుని, అక్కడి ఈఎన్‌టీ డాక్టరుకు మొదటి అపాయింట్‌మెంట్‌లోనే చూపించండి. ఊరు మారడంతోనే చాలా చెకప్‌లు ఆగిపోతాయి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

"గాలి బాగా ఆడుతోంది కదా" అని చెకప్ మానేయడం. మళ్లీ మొదలైన గడ్డ గోరంత ఉన్నప్పుడు ఏ లక్షణమూ ఉండదు. ఆపరేషన్‌తో దారి వెడల్పయింది కాబట్టి మళ్లీ మూసుకుపోయేదాకా ఆగితే అప్పటికి చాలా పెరిగి ఉంటుంది. తేదీ దాటిపోయినా సరే, ఈ వారమే వెళ్లండి. ఎవరూ తిట్టరు.

కండ తీశాక పరీక్షకు పంపకపోవడం. ఒకవైపు కండ ఎంత చిన్నదైనా పాథాలజీకి వెళ్లాలి. ఇప్పటికే తీసేసి ఉండి రిపోర్టు లేకపోతే ల్యాబులో అడగండి. అక్కడా లేకపోతే ఎండోస్కోపీ, స్కాన్‌తో కొత్తగా మొదలుపెట్టండి.

స్ప్రేలతో కరిగించాలని చూడటం. స్టెరాయిడ్ స్ప్రే చుట్టూ ఉన్న వాపును తగ్గించి కాస్త హాయినిస్తుంది, పాపిలోమాను కరిగించదు. ముక్కు తెరిచే జైలోమెటాజోలిన్ చుక్కలు రోజుల తరబడి వాడితే ముక్కు ఇంకా బిగుస్తుంది.

పెచ్చులు గోటితో లాగడం. రక్తం, ఇన్ఫెక్షన్, మచ్చ. ఉప్పునీళ్లతో కడగండి, మిగిలింది డాక్టరు తీస్తారు.

ప్రతి కండనూ గడ్డే అనుకుని భయపడటం. మానుతున్న చోట ఎర్రటి గ్రాన్యులేషన్ కణజాలం రావడం మామూలు. కొన్ని వారాల మందు, శుభ్రతతో తగ్గుతుంది. తగ్గనిదాన్ని ముక్క తీసి చూస్తారు.

## 12. మళ్లీ కనబడితే

కంగారుగా మర్నాడే బల్ల ఎక్కకండి. వరస మళ్లీ మొదటి నుంచే: ఎండోస్కోపీ, ఎముక కోసం సీటీ, కాంట్రాస్ట్‌తో ఎంఆర్‌ఐ, బయాప్సీ. మచ్చ, గ్రాన్యులేషన్, గడ్డ మూడింటినీ విడదీయాలి. ఈసారి బయాప్సీ తప్పనిసరి, ఎందుకంటే మారిపోయి క్యాన్సర్ అయిందేమో చూడాలి.

తర్వాత పాత ఆపరేషన్ నోట్స్ ముందు పెట్టుకుని రెండు ప్రశ్నలు. కొత్త గడ్డ పాత మొదలున్న చోటే ఉందా? అప్పుడు ఆ ఎముకను డ్రిల్ చేశారా? పాత చోటే ఉండి డ్రిల్ చేయకపోయి ఉంటే ఏం మిగిలిందో అర్థమైనట్టే, రెండో ఆపరేషన్ గురి దాని మీదే ఉంటుంది. డ్రిల్ చేసినా అక్కడే వస్తే దారి మార్చాలి: ప్రీలాక్రిమల్, డ్రాఫ్ 3, లేదా బయటి కోత. ఇలాంటివి ఎక్కువగా చేసే పెద్ద కేంద్రానికి వెళ్లడం మంచిది. మొదటి సర్జన్ బాధపడతారేమోనని ఆగొద్దు, రిఫరల్ లెటర్ ఆయన్నే అడగండి. మంచి డాక్టర్లు ఇస్తారు.

రెండో ఆపరేషన్ తర్వాత చెకప్‌ల క్యాలెండర్ మళ్లీ మొదటి ఏడాది దగ్గర నుంచి, మూడు నెలలకోసారి అన్న లైనుతోనే మొదలవుతుంది. డిశ్చార్జ్ రోజే ఆ నాలుగు తేదీలు రాయించుకుని ఇంటికి వెళ్లండి.